కాపలాకు కాపలా ఎవరు?
(ఒక భద్రతాశాస్త్ర పండితుని ప్రస్థానం – మనకు అందిన పాఠాలు)

మార్చి నెల వచ్చిందంటే ప్రభుత్వరంగ సంస్థల ప్రాంగణాలలో రెండు ఉత్సవాలు వారం తిరగకుండా జరుగుతాయి. 4వ తేదీన జాతీయ భద్రతా దినోత్సవం. ఉద్యోగులందరమూ వరుసలు కట్టి, కుడిచేయి ముందుకు చాచి ప్రతిజ్ఞ చేస్తాము. 10వ తేదీన కేంద్ర పారిశ్రామిక భద్రతా దళ ఆవిర్భావ దినోత్సవం. జవానుల కవాతు, అగ్నిమాపక విన్యాసాలు, సాయంత్రం తేనీటి విందు. మొదటిది యంత్రం వల్ల మనిషికి వచ్చే ముప్పును గురించినది. రెండవది మనిషి వల్ల సంస్థకు వచ్చే ముప్పును గురించినది. ఇంగ్లీషులో వీటికి సేఫ్టీ, సెక్యూరిటీ అని రెండు మాటలున్నాయి. తెలుగులో రెండింటినీ భద్రత అనే అంటున్నాము. ఇది మన భాషలోని లోటేమోనని మేము చాలాకాలం భావించాము. స్కాట్ సేగన్ అనే అమెరికా ఆచార్యుని రచనలు చదివిన పిమ్మట ఆ భావన తొలగిపోయింది. ఆయన జీవితకాల కృషి అంతా ఈ రెండు భద్రతల నడుమనున్న గోడను పడగొట్టడమే.

ఆయన ఇంజనీరు కాడు, రాజనీతి శాస్త్రవేత్త. ఆయన పరిశోధించినది అణ్వస్త్రాలను గురించి. అట్టి విషయం మన సంస్థ పత్రికలో ఎందుకని కొందరు పాఠక మిత్రులు ప్రశ్నించవచ్చు. మూడు సంతకాలు పెట్టిన పర్మిట్ కాగితాన్ని చేతపట్టుకుని కన్వేయర్ బెల్టు మీదికి ఎక్కే ప్రతి ఖలాసీకి ఈ పండితుని మాటతో సంబంధమున్నదని మా నమ్మకం. ఆ సంగతి ముందుముందు వివరిస్తాము.

ఓబర్లిన్ నుండి స్టాన్‌ఫర్డ్ వరకు

సేగన్ 1955లో జన్మించారు. ఓహాయో రాష్ట్రంలోని ఓబర్లిన్ కళాశాలలో 1977లో పట్టభద్రులై, హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుండి 1983లో డాక్టరేట్ పొందారు. కొంతకాలం హార్వర్డ్‌లో బోధించారు. 1980ల మధ్యలో పెంటగన్‌లో, అమెరికా త్రివిధ దళాధిపతుల కార్యాలయంలో సహాయకునిగా పనిచేశారు. సైనిక వ్యవస్థ నిత్యం ఎట్లా నడుస్తుందో లోపలి నుండి చూసే అవకాశం విశ్వవిద్యాలయ పండితులకు అరుదుగా లభిస్తుంది. 1987లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చేరి, అక్కడే ఆచార్యులుగా స్థిరపడ్డారు.

స్టాన్‌ఫర్డ్‌లో అంతర్జాతీయ భద్రత, సహకారాల అధ్యయన కేంద్రం ఒకటి ఉన్నది. దానికి ఒక సంప్రదాయం ఉన్నది. అక్కడ ఇద్దరు సంచాలకులు ఉంటారు. ఒకరు సామాజిక శాస్త్రవేత్త, మరొకరు భౌతిక శాస్త్రాలకు గాని సాంకేతిక రంగానికి గాని చెందినవారు. సేగన్ 1998 నుండి 2011 వరకు ఆ కేంద్రానికి సహసంచాలకులు. ఆ కాలంలో కొన్నేళ్ళపాటు ఆయన సరసన కూర్చున్నది సీగ్‌ఫ్రీడ్ హెకర్, లాస్ అలమోస్ ప్రయోగశాలకు పూర్వ సంచాలకుడు, వృత్తిరీత్యా లోహశాస్త్రవేత్త. మనిషిని చదివినవాడు, లోహాన్ని చదివినవాడు ఒకే బల్లకు ఇరువైపులా కూర్చుని ఒకే సమస్యను పరిశీలించే ఏర్పాటు మన సాంకేతిక సంస్థలలో ఎన్నిచోట్ల ఉన్నదో ఆలోచించవలసిన విషయమే.

రెండు సిద్ధాంతాల తక్కెడ

1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణువిద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగింది. దానిని పరిశీలించిన సామాజిక శాస్త్రవేత్త చార్లెస్ పెరో 1984లో ఒక గ్రంథం ప్రచురించారు. అందులోని వాదన ఇది. ఒక వ్యవస్థలోని భాగాలు ఊహకందని విధంగా పరస్పరం ప్రభావం చూపేంత జటిలంగా ఉండి, ఒకచోట పుట్టిన లోపం మరుక్షణంలో మరొకచోటికి పాకేంత బిగువుగా అతుక్కుని ఉంటే, ఎంత జాగ్రత్త పడినా ఎప్పుడో ఒకప్పుడు ప్రమాదం తప్పదు.

దీనికి ఎదురుగా బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన టాడ్ లా పోర్ట్ ప్రభృతులు మరొక వాదన చేశారు. విమానవాహక నౌకలను, విమాన రాకపోకల నియంత్రణ కేంద్రాలను వారు దగ్గర నుండి పరిశీలించారు. నాయకత్వం భద్రతకు పెద్దపీట వేసి, అదనపు రక్షణలు కల్పించి, సిబ్బందికి ఎడతెగని శిక్షణనిచ్చి, తప్పుల నుండి నేర్చుకుంటే, ప్రమాదకరమైన వ్యవస్థలను కూడా ఏళ్ళ తరబడి నిరపాయంగా నడపవచ్చునని వారి నిర్ణయం.

ఈ రెండు వాదాలలో ఏది బరువైనదో తూచడానికి సేగన్ ఎంచుకున్న తక్కెడ అమెరికా అణ్వస్త్ర నియంత్రణ వ్యవస్థ. దానికి ధనం కొరత లేదు, క్రమశిక్షణకు లోటు లేదు, రక్షణ మీద రక్షణ ఉన్నది. పైగా అణుయుద్ధం పొరపాటున జరగనూ లేదు. బర్క్‌లీ వాదం నెగ్గడానికి ఇంతకన్న అనువైన రంగం మరొకటి ఉండదు. రహస్య పత్రాలను తవ్వితీసి, అప్పటి అధికారులతో మాట్లాడి ఆయన రాసిన గ్రంథం "ద లిమిట్స్ ఆఫ్ సేఫ్టీ" 1993లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం నుండి వెలువడింది. అందులో ముల్లు పెరో వైపు మొగ్గింది.

ఎలుగుబంటి, టేపు, విమానం

1962 అక్టోబరులో క్యూబా క్షిపణుల సంక్షోభం నడుస్తున్నది. 25వ తేదీ అర్ధరాత్రి వేళ మిన్నెసోటా రాష్ట్రంలోని డులూత్ సైనిక కేంద్రంలో కంచె ఎక్కుతున్న ఒక ఆకారాన్ని కాపలాదారు చూశాడు. కాల్పులు జరిపి ప్రమాద ఘంటిక నొక్కాడు. విద్రోహుల దాడి అని చుట్టుపక్కల స్థావరాలలో గంటలు మోగాయి. అయితే విస్కాన్సిన్ రాష్ట్రంలోని వోక్ ఫీల్డ్ అనే స్థావరంలో తీగల అమరిక తప్పుగా ఉండడం వల్ల మరొక గంట మోగింది. అది యుద్ధవిమానాలు తక్షణం లేవవలసిందని చెప్పే గంట. అణ్వస్త్రాలు తగిలించి ఉన్న విమానాలు యుద్ధం వచ్చిందనే భావనతో రన్‌వే మీద కదిలాయి. ఒక అధికారి వాహనంలో ఎదురేగి దీపాలు వెలిగించి ఆర్పుతూ వాటిని ఆపవలసి వచ్చింది. కంచె ఎక్కినది ఒక ఎలుగుబంటి.

మూడు రోజుల తరువాత, 28వ తేదీ ఉదయం, న్యూజెర్సీ రాష్ట్రంలోని మూర్స్‌టౌన్ రాడార్ కేంద్రం నుండి క్యూబా వైపునుండి క్షిపణి వస్తున్నదని, ఫ్లోరిడాలోని టాంపా సమీపంలో పడుతుందని కబురు వెళ్ళింది. పడవలసిన వేళ గడిచిపోయినా ఏమీ జరగలేదు. పరీక్ష కోసం సిద్ధం చేసిన నమూనా దాడి టేపు యంత్రంలో నడుస్తుండగా, సరిగ్గా అదే సమయంలో ఒక ఉపగ్రహం దిగంతం మీదికి వచ్చింది. ఈ రెండింటి కలయికను ఏ నియమావళీ ముందుగా ఊహించలేదు.

మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసినది మూడవ ఘటన. గ్రీన్‌లాండ్‌లోని థూలే వద్ద క్షిపణులను పసిగట్టే భారీ రాడార్ ఉండేది. దానితో సంబంధాలు తెగిపోతే, అది తీగల లోపమా, శత్రువు దాడియా అని తేల్చుకోవడానికి ఒక బి-52 బాంబర్ విమానం ఆ ప్రాంతంపై నిరంతరం తిరుగుతూ కాపలా కాసేది. అంటే కాపలాకు కాపలా. 1968 జనవరి 21న ఆ విమానంలోని వేడిగాలి గొట్టం దగ్గర ఉంచిన దిండ్లు అంటుకుని మంటలు రేగాయి. ఏడుగురిలో ఆరుగురు బయటపడ్డారు, ఒకరు మరణించారు. నాలుగు హైడ్రోజన్ బాంబులతో విమానం థూలే సమీపంలోని మంచుమీద కూలింది. బాంబులలోని సాధారణ పేలుడు పదార్థం పేలి, మంచు అణుధార్మికతతో కలుషితమైంది. సేగన్ ఇక్కడ వేసిన ప్రశ్న ఇంజనీర్లకు వేసినట్లే ఉంటుంది. ఆ విమానం సరిగ్గా రాడార్ మీదనే కూలి ఉంటే? రాడార్ మూగబోయేది, విమానమూ మూగబోయేది. దూరాన కూర్చున్నవారికి అది అచ్చంగా శత్రువు దాడి లాగానే కనిపించి ఉండేది. పొరపాటు జరగకుండా చూడడానికి పెట్టిన రక్షణే అత్యంత ఘోరమైన పొరపాటుకు తావిచ్చి ఉండేది.

మూడు సంతకాలు

ఈ పుటలు చదువుతున్నప్పుడు మా మనస్సు ఇరవై ఏళ్ళకు పైగా వెనక్కి వెళ్ళింది. అప్పుడు మేము పనిచేస్తున్న ఒక కర్మాగారంలో వార్షిక మరమ్మతులు సాగుతున్నవి. కన్వేయర్ బెల్టు అతికే పని. విద్యుత్ సరఫరా తొలగించినట్లు పర్మిట్ మీద విద్యుత్ విభాగం, ఉత్పత్తి విభాగం, నిర్వహణ విభాగం, మూడూ సంతకాలు చేయాలి. మూడు సంతకాలూ ఉన్నాయి. ఫిట్టర్‌గా ఉన్న ఒక పెద్దాయనకు ఒక అలవాటు ఉండేది. కాగితం మీద ఎన్ని సంతకాలున్నా, బెల్టు మీదికి మనిషిని ఎక్కించే ముందు పక్కనున్న స్టార్ట్ బటన్ ఒకసారి నొక్కి చూసేవాడు. ఆ రోజు నొక్కాడు. బెల్టు కదిలింది. తాళం, ఎర్రచీటీ పక్క కన్వేయర్ బ్రేకర్‌కు వేసి ఉన్నాయి.

ఆయన మా దగ్గరికి వచ్చి కాగితం చూపించి, "సార్, ముగ్గురు సంతకం పెట్టారు గదా, చూసిందెవరు?" అని అడిగాడు. మేము జవాబు చెప్పలేకపోయాము. ఆ మూడు సంతకాలలో ఒకటి మాదే. అప్పటికే రెండు సంతకాలు ఉన్నవి గదా అని మేము బ్రేకర్ దాకా నడవలేదు. తరువాత విచారిస్తే మొదట సంతకం పెట్టినవారు, వెనుక ఇద్దరు చూస్తారు గదా అనుకున్నారట.

ఆ సంఘటన రిజిస్టరులో "ట్రయల్ రన్ జరిగినది" అని నమోదైంది. అట్లా రాయడానికి మేమూ అభ్యంతరం చెప్పలేదు. నెల తిరగకముందే దిద్దుబాటు చర్యగా పర్మిట్ మీద నాలుగవ సంతకానికి గడి గీశారు.

మంది ఎక్కువైతే మజ్జిగ పలచన

ఆ నాలుగవ గడి ఎందుకు పనికిరాదో సేగన్ 2004లో "రిస్క్ అనాలిసిస్" అనే పత్రికలో ప్రచురించిన వ్యాసం చదివాక తెలిసింది. అదనపు రక్షణలు పెంచినకొద్దీ భద్రత పెరుగుతుందనుకోవడం అన్నివేళలా సరికాదని, దానికి మూడు కారణాలున్నవని ఆయన వివరించారు.

మొదటిది, ఉమ్మడి కారణంతో కలిగే వైఫల్యం. రెండు రక్షణలు కాగితం మీద వేరుగా కనిపించినా, ఎక్కడో ఒకచోట ఒకే తీగకు వేలాడుతుంటాయి. కొన్నిసార్లు కొత్తగా చేర్చిన రక్షణే కొత్త ప్రమాదానికి మూలమవుతుంది. 1966 అక్టోబరులో అమెరికాలోని డెట్రాయిట్ సమీపానగల ఫెర్మీ రియాక్టర్‌లో భద్రత కోసం అదనంగా బిగించిన జిర్కోనియం పలక ఊడి, చల్లబరిచే సోడియం ప్రవాహానికి అడ్డుపడగా, ఇంధనం కొంతమేర కరిగింది.

రెండవది, బాధ్యత ఒకరిపై మరొకరు నెట్టుకోవడం. దీనికి మన పెద్దలు ఏనాడో కథ చెప్పారు. ప్రతి ఇంటివారు రాత్రివేళ చెంబెడు పాలు తెచ్చి తొట్టిలో పోయవలసిందని రాజుగారు ఆజ్ఞాపిస్తే, అందరూ పాలు పోస్తారు గదా, నా ఒక్కడి నీళ్ళు ఎవరికి తెలుస్తాయని ప్రతివాడూ అనుకున్నాడు. తెల్లవారేసరికి తొట్టెడు నీళ్ళున్నాయి. మా మూడు సంతకాల కథ అదే.

మూడవది, రక్షణ పెరిగినదన్న ధీమాతో సాహసం పెరగడం. అదనపు పంపు ఉన్నది గదా అని ఉత్పత్తి పెంచుతాము. స్టాండ్‌బై యంత్రాన్ని రోజూ నడిపే యంత్రంగా మార్చుకుంటాము. రక్షణ కోసం పెట్టిన ఖర్చు ఉత్పత్తి ఖాతాలో కరిగిపోతుంది.

ఆ వ్యాసానికి అసలు సందర్భం 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత అణుకేంద్రాలకు కాపలాదారులను పెంచాలన్న ఆలోచన. ఇక్కడ లెక్క తేలికైనదే. కాపలాదారు ఒక్కొక్కరు ద్రోహి అయ్యే అవకాశం నూటికి ఒకటి అనుకుందాము. ఒక్కరే ఉంటే ముప్పు 1 శాతం. పదిమంది ఉంటే వారిలో కనీసం ఒక్కడైనా ద్రోహి అయ్యే అవకాశం 9.6 శాతం. బయటి దొంగను ఆపే శక్తి పెరిగినట్లే, లోపలి దొంగ దూరే వీలు కూడా పెరుగుతుంది.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత. మాథ్యూ బన్ అనే హార్వర్డ్ పండితునితో కలిసి సేగన్ 2014లో లోపలి మనుషుల వల్ల కలిగే ముప్పులపై ఒక పుస్తిక వెలువరించారు. అందులోని ఉదాహరణలలో 1984 అక్టోబరు 31న మన ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరాగాంధీ తన సొంత అంగరక్షకుల చేతిలో హతులైన విషాదం ఉన్నది. ఇట్టివి ఎక్కడో జరుగుతాయి, మా సంస్థలో మాత్రం జరగవు అనుకోవడమే మొదటి తప్పని ఆ పుస్తిక హెచ్చరించింది.

నరోరా చెప్పిన సాక్ష్యం

ఇవన్నీ పరదేశపు సంగతులని కొట్టివేయడానికి వీలులేదు. 1993 మార్చి 31 తెల్లవారుజామున ఉత్తరప్రదేశ్‌లోని నరోరా అణువిద్యుత్ కేంద్రం మొదటి యూనిట్‌లో టర్బైన్ రెక్కలు రెండు విరిగాయి. తీవ్ర కంపనానికి జనరేటర్ సీళ్ళు దెబ్బతిని, హైడ్రోజన్ వెలువడి మంటలు చెలరేగాయి. ప్రధాన విద్యుత్ సరఫరాకు తోడుగా అత్యవసర సరఫరాలు ఉండనే ఉన్నాయి. కాని వాటి కేబుళ్ళు తగినంత ఎడం లేకుండా సాగడంతో మంటలకు అన్నీ కలిసి కాలిపోయాయి. సుమారు 17 గంటలపాటు ఆ యూనిట్‌లో విద్యుత్తు లేదు. సేగన్ చెప్పిన ఉమ్మడి వైఫల్యానికి ఇంతకు మించిన ఉదాహరణ మరొకటి ఉండబోదు.

అయితే నరోరా కథకు రెండవ పార్శ్వం కూడా ఉన్నది. సిబ్బంది తక్షణం రియాక్టర్‌ను ఆపివేశారు. డీజిల్‌తో నడిచే అగ్నిమాపక పంపులతో ఆవిరి ఉత్పాదకాలకు నీరందించారు. పొగలో, చీకటిలో పైకి ఎక్కి, రియాక్టర్ తిరిగి ప్రజ్వలించకుండా బోరాన్ ద్రావణాన్ని చేతితో కవాటాలు తిప్పి వదిలారు. అణుధార్మికత బయటికి రాలేదు. వ్యవస్థ జటిలత వల్ల ప్రమాదం వచ్చిందన్న పెరో మాట నిజమే. శిక్షణ పొందిన మనుషులు దానిని అడ్డుకున్నారన్న బర్క్‌లీ మాట కూడా అంతే నిజం. సేగన్ పట్ల మాకెంత గౌరవమున్నా, ఈ ఒక్క విషయంలో ముల్లు పూర్తిగా ఒకవైపే ఉన్నదని అంగీకరించలేకున్నాము.

ఉపఖండంపై ఒక వాదోపవాదం

సేగన్ పేరు ప్రపంచ విశ్వవిద్యాలయాలలో మారుమోగడానికి మరొక కారణం కెనెత్ వాల్ట్జ్‌తో ఆయన చేసిన వాదం. వాల్ట్జ్ అంతర్జాతీయ సంబంధాల శాస్త్రంలో పితామహుని వంటివారు. అణ్వస్త్రాలు మరికొన్ని దేశాలకు వ్యాపిస్తే యుద్ధభయం వల్ల శాంతి పెరగవచ్చునని ఆయన 1981లో వాదించారు. సేగన్ దీనిని ఒప్పుకోలేదు. అణ్వస్త్రాలను నడిపేది "దేశం" అనే వివేకవంతుడైన ఒక వ్యక్తి కాదని, అలవాట్లు, అంతర్గత పోటీలు, తప్పులు దాచుకునే గుణం గల సంస్థలని ఆయన సమాధానం. 1995లో ఇద్దరూ కలిసి తమ భిన్నాభిప్రాయాలను ఒకే పుస్తకంగా ప్రచురించారు. భిన్నాభిప్రాయం గల పెద్దలు ఒకే అట్టల మధ్య పక్కపక్కన నిలబడడం చూడముచ్చటైన విషయం. 1998 మే నెలలో పోఖ్రాన్‌లోను, చాగై కొండలలోను అణుపరీక్షలు జరిగిన తరువాత, 2003లో వెలువడిన కొత్త ముద్రణలో భారత్, పాకిస్తాన్‌లను గురించి ఇద్దరూ విడిగా వాదించారు. 2013లో వాల్ట్జ్ మరణించారు. వాదం మాత్రం ముగియలేదు.

ఉపఖండంలో అణుయుద్ధం రాలేదు గదా అని వాల్ట్జ్ పక్షంవారు అనవచ్చు, అది నిజమే. కాని 2022 మార్చి 9న మన వాయుసేనకు చెందిన బ్రహ్మోస్ క్షిపణి పొరపాటున వెలువడి పాకిస్తాన్ భూభాగంలో, మియా చన్ను సమీపాన పడింది. ప్రాణనష్టం జరగలేదు. నిర్ణీత కార్యవిధానాన్ని ఉల్లంఘించడమే కారణమని విచారణలో తేలగా, ముగ్గురు అధికారులను సేవల నుండి తొలగించారు. అందులో అణ్వస్త్రం లేదు. అయినా కార్యవిధానం అనే కాగితానికి, దానిని పాటించే మనిషికి నడుమ ఎంత దూరం ఉండగలదో ఆ ఘటన తెలియజేసింది.

అణుయుద్ధ నివారణకు తోడ్పడే పరిశోధనకుగాను అమెరికా జాతీయ విజ్ఞానశాస్త్ర అకాడమీ 2015లో సేగన్‌కు ఎస్టెస్ పురస్కారమిచ్చి గౌరవించింది. 2017లో బెంజమిన్ వాలెంటినోతో కలిసి ఆయన జరిపిన ప్రజాభిప్రాయ పరిశోధన మరొక కలతపెట్టే సత్యాన్ని వెల్లడించింది. తమ సైనికుల ప్రాణాలు దక్కుతాయంటే శత్రుదేశపు పౌరులపై అణుబాంబు వేయడానికి అమెరికా ప్రజలలో సగానికి మించినవారు సమ్మతించారు. యంత్రాల భద్రతతో, సంస్థల భద్రతతో ఆగక, మనుషుల మనస్సులలోని భద్రత దాకా ఆయన అన్వేషణ సాగిందన్నమాట.

మనం చేయదగినది

అదనపు రక్షణలు వద్దని ఈ పండితుడు చెప్పలేదు. రెండవ పంపు కావాలి, రెండవ కేబుల్ కావాలి, ద్వారం వద్ద రెండవ జవాను కావాలి. అయితే ప్రతి అదనపు రక్షణ ముందూ నాలుగు ప్రశ్నలు వేసుకోవాలని మేము నేర్చుకున్నాము. ఇది మొదటిదానితో ఎక్కడైనా ఒకే తీగకు వేలాడుతున్నదా? దీనివల్ల ఎవరైనా తన పనిని మరొకరిపై వదిలేస్తున్నారా? దీని ధీమాతో మనం వేగం పెంచుతున్నామా? ఇది విఫలమై, అదృష్టవశాత్తు ఎవరికీ హాని జరగనప్పుడు, ఆ సంగతిని ఉన్నదున్నట్లు రిజిస్టరులో రాసే ధైర్యం మనకున్నదా?

నాలుగవ ప్రశ్నయే కష్టమైనది. ఎలుగుబంటి కథలు ముప్పై ఏళ్ళపాటు ఫైళ్ళలో నిద్రపోగా, ఒక పండితుడు వచ్చి లేపవలసి వచ్చింది. మన "ట్రయల్ రన్‌"లను లేపడానికి ఏ ఆచార్యుడూ రాడు. ఆ పని మనమే చేయాలి. ఆనాడు రాయనిది మేము ఈనాడు ఇక్కడ రాస్తున్నాము. పదవీవిరమణకు ఎన్నో ఏళ్ళు లేవు గనుక ఇక ఆలస్యం చేయదలచలేదు.

ఆ కర్మాగారంలో నాలుగవ గడి కొంతకాలం సాగి, ఒక సమీక్షలో ఎత్తివేయబడింది. దాని స్థానంలో, పని మొదలుపెట్టే మనిషే స్టార్ట్ బటన్ నొక్కి చూసి, యంత్రం కదలలేదని రూఢి చేసుకున్న తరువాతనే ఎక్కాలన్న నియమం వచ్చింది. ఆ నియమాన్ని నేర్పిన పెద్దాయన అప్పటికే పదవీవిరమణ చేశాడు. ఏ వారోత్సవంలోను ఆయనకు బహుమతి ఇచ్చినట్లు మాకు గుర్తులేదు. మరుసటి భద్రతా దినోత్సవాన ప్రతిజ్ఞ కోసం చేయి చాచినప్పుడు, ఆ బటన్ మీదికి వెళ్ళిన ఆయన చేతిని ఒక్కసారి తలచుకోవలసిందని పాఠక మిత్రులకు మా మనవి.